వందకు నూట నాలుగు

ఫారెస్టు రేంజర్ దేవ్లాకు దుప్పి మాంసం తినిపించాలి. తింటుండగా వీడియో తీయాలి. వెంకటనారాయణ పథకం అంతే. పెద్ద తెలివి అక్కర్లేని పథకం కాబట్టి అతనికి సరిగ్గా సరిపోయింది.

చండ్రుగొండ దగ్గర అతనికి మామిడితోట ఉంది, సామిల్లు ఉంది. దొంగ టేకు కూడా ఉంది. కొత్తగా వచ్చిన రేంజర్ రెండుసార్లు సోదా చేశాడు, దుంగలు దొరకలేదు. మూడోసారి దొరికితే సామిల్లు లైసెన్సు పోతుంది, జైలూ తప్పదు. అయినా వెంకటనారాయణకు ఒక ధైర్యం. దుంగలు దొరికినా, తన మీద సాక్షి సంతకం పెట్టేవాడు ఆ మండలంలో ఇంకా పుట్టలేదు.

అందుకే రేంజర్‌ను బీరు రసజ్ఞుల సంఘానికి ముఖ్య అతిథిగా పిలిచాడు. సంఘానికి అతనే ప్రెసిడెంటు. అన్న కొడుకు సాయికిరణ్ సెక్రటరీ. మిగతా ఐదుగురూ కొత్తగూడెం పెద్దమనుషులు. ఊరికే తాగితే తాగుబోతు అంటారు. కండువా వేసుకుని తాగితే రసజ్ఞుడు అంటారు.

"ఆదివారానికి దుప్పి కావాలి జంపయ్యా," అన్నాడు తోటలో వంట చేసే జంపయ్యతో.

"దుప్పా అయ్యా? మేమయితే..."

"నసగకు. అడవిలో పుట్టినోడివి, నీకు నేను నేర్పాలా?"

జంపయ్య తల గోక్కున్నాడు. "సరే అయ్యా. మాంసమైతే వండుత."

సాయికిరణ్‌కు ఇంకో భయం. "మరి షెడ్డులో దుంగలు, బాబాయ్?"

"ఆయన్ని వాటి మీదే కూర్చోబెడదాంరా. వెతికేవాడు ఊరంతా వెతుకుతాడు కానీ, తన కింద వెతుక్కోడు."

ఆరు దుంగలనూ ఇటుకల మీదికి ఎత్తి, తెల్ల దుప్పట్లు కప్పారు. మంచి బల్లలయ్యాయి.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి రేంజర్ తోటలో షెడ్డుకు వచ్చాడు. కండువా కప్పారు, చప్పట్లు కొట్టారు. చేతికి ఒక కార్డు ఇచ్చారు. ఆరు బీర్లకు ముఖ్య అతిథే మార్కులు వేయాలి. ఆఖర్న సభ్యులందరూ కింద సంతకాలు పెట్టాలి. అది సంఘం ఆచారం. చదివి పెట్టాలని మాత్రం లేదు. అప్పటికి అక్షరాలు కుదురుగా నిలబడవు.

మొదటిది గోధుమ బీరు, దానికి జోడీగా గోదావరి చేప వేపుడు. రెండోది బెల్జియందట, దానికి బొంగులో చికెన్. రేంజర్ గ్లాసు వాసన చూశాడు, ఒక గుక్క పుక్కిలించి నేల మీద ఉమ్మేశాడు. గొప్ప రసజ్ఞులు అలాగే ఉమ్ముతారని సాయికిరణ్ ఫోనులో చూశాడు. ఆ మాట చెప్పగానే అందరికీ రేంజర్ మీద గౌరవం పెరిగింది.

బీరు మారినప్పుడల్లా ఆయన బల్ల కూడా మారాడు.

"ఇదేం పద్ధతండీ సార్?" అడిగాడు వెంకటనారాయణ.

"ఒక్క తాననే కూసుంటే నాలుక మొద్దుబారుతది," అన్నాడు దేవ్లా.

కూర్చునే ముందు ప్రతిసారీ కండువాను దుప్పటి కిందికి దూర్చి, బల్ల చుట్టూ బిగించి, మళ్లీ లాగి జానెడు జానెడుగా మడిచేవాడు. ముడతలు సర్దుతున్నాడని అందరూ మెచ్చుకున్నారు. తర్వాత కార్డు మీద అంకె వేసేవాడు.

నాలుగో బీరు నల్లది. దానికి జంపయ్య మాంసం తెచ్చాడు. సంఘంలోని లెక్చరర్ ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూశాడు. "ఆహా! అడవి గడ్డి పరిమళం! ఊళ్లో మేకలకు ఎక్కడిదండీ ఈ రుచి!"

రేంజర్ మూడు ముక్కలు తిన్నాడు. సాయికిరణ్ మూడింటినీ వీడియో తీశాడు. పనిలో పనిగా బల్లల మీద కూర్చున్న అందరినీ తీశాడు.

ఆరో బీరు అయ్యాక సాయికిరణ్ కార్డులోకి తొంగి చూశాడు. "దీనికి నూట నాలుగా? సార్, మార్కులు వందకేనండీ!"

"గంత మంచిగున్నది తమ్మీ."

అందరూ మళ్లీ చప్పట్లు కొట్టారు. ఇప్పపువ్వు లడ్డూలు తింటున్నంతసేపూ రేంజర్ కార్డు మీద ఏదో రాస్తూనే ఉన్నాడు. తర్వాత కార్డు చేతులు మారింది. ప్రెసిడెంటు మొదలుకుని ఏడుగురూ సంతకాలు పెట్టారు.

అప్పుడు వెంకటనారాయణ సాయికిరణ్ ఫోను తీసుకుని రేంజర్ ముందు పెట్టాడు.

"చూడండి సార్, ఎంత చక్కగా నములుతున్నారో. అది దుప్పి. నా టేకు జోలికొస్తే ఇద్దరం కలిసే జైలుకు పోతాం. రాకపోతే ఇద్దరం కలిసే బీరు తాగుతాం. మీ ఇష్టం."

గిన్నెలు తీస్తున్న జంపయ్య అడ్డొచ్చాడు.

"అది దుప్పి కాదయ్యా. దుప్పి మా వేల్పుకు బిడ్డ. మా ఇంట్ల ఎవ్వరం దాన్ని చంపం, వండం. చెప్పబోతె మీరు ఇనకపోతిరి. మీ దొడ్లె మేకపోతునే కోసిన."

లెక్చరర్ ఖాళీ గ్లాసులోకి చూసుకున్నాడు. వెంకటనారాయణ ముఖం కాసేపు మాడింది. తర్వాత నవ్వేశాడు.

"పోనీలెండి. మేకను తిన్నందుకు మీకు కేసు లేదు. మీ దగ్గర నా మీదా ఏమీ లేదు. సరికి సరి."

"తమ్మీ, ఆ వీడియో నాకు జర పంపు," అన్నాడు రేంజర్ సాయికిరణ్‌తో. "బల్లలన్నీ మంచిగ పడ్డయి." తర్వాత కార్డు వెంకటనారాయణ చేతిలో పెట్టాడు. "సంతకమైతే చేసిండ్రు. ఇప్పుడు చదువుండ్రి."

వెంకటనారాయణ కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

"పంచనామా. మామిడితోట షెడ్డులో, తెల్ల దుప్పట్ల కింద, అటవీశాఖ ముద్ర లేని టేకు దుంగలు ఆరు. చుట్టుకొలతలు సెంటీమీటర్లలో: 88, 91, 79, 96, 85, 104. సాక్షులు ఏడుగురు," అని ఉంది, ఆ ఏడుగురిలో మొదటి సంతకం ప్రెసిడెంటు గారిదే.