మాటలు మాత్రం వంద

"బొమ్మ ఎలా ఉన్నా ఫర్వాలేదు బాబూ. మాటలు మాత్రం గట్టిగా వినపడాలి," అంది టైలరమ్మ.

కంప్యూటర్ మెకానిక్ పెదవి విరిచాడు. గాడిదకేం తెలుసు గంధపు వాసన!

గేములాడే కంప్యూటర్లను తనలా సిద్ధం చేసేవాడు చుట్టుపక్కల ఎక్కడా లేడని అతని నమ్మకం. అందులోనూ దెయ్యాల గేములంటే ప్రాణం పెడతాడు. నీడ ఎంత చిక్కగా ఉండాలి, వెలుతురు ఎక్కడ చచ్చిపోవాలి, కిటికీ కిర్రుమంటే ఏ చెవిలో వినపడాలి, అన్నీ అతనికి కొట్టినపిండి. కాలేజీ కుర్రాళ్లు అతని కోసం వారాల తరబడి ఎదురుచూస్తారు. అలాంటివాడు పొద్దున్నే ఒక కుట్టుమిషను పక్కన, గుడ్డముక్కల మధ్య బాసింపట్టు వేసుక్కూర్చుని, యాభై ఐదేళ్ల ఆవిడకి దెయ్యం గేము పెట్టిస్తున్నాడు. కర్మ!

గేములో కథ పెద్దదేం కాదు. పాడుబడ్డ మేడలో చనిపోయిన కాపలాదారు దెయ్యమై తిరుగుతుంటాడు. వాడి కంటపడకుండా దాక్కోవాలి. తెల్లారేదాకా దొరక్కపోతే గెలిచినట్టు.

మెకానిక్ పరదాలు లాగి గది చీకటి చేశాడు. నీడలు పూర్తిగా పెంచాడు. పొగమంచు పెంచాడు. వెలుతురు మాత్రం, మెట్లు కనీకనపడనంత తగ్గించాడు. వెనక్కి జరిగి చూసుకున్నాడు. అద్భుతం.

"ఇప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకోండమ్మా. గుండె జారిపోకపోతే నా పేరు మార్చుకుంటాను."

టైలరమ్మ హెడ్‌ఫోన్లు పక్కన పడేసింది. "ఇవెందుకు? స్పీకర్లు పెట్టు. వంటింట్లో ఉన్నా వినపడాలి. ఆ పరదాలు తియ్యి, సూదిలో దారం ఎక్కడం లేదు."

"పట్టపగలు, పరదాలు తీసి, దెయ్యం గేమా?"

"ఆ సంగీతం కూడా తీసెయ్."

"సంగీతం తీసేస్తే ఇంక భయమేం వేస్తుందమ్మా!"

"వాన చప్పుడు కూడా. తలుపుల చప్పుడు కూడా."

సంగీతం సున్నా. వాన సున్నా. తలుపులు సున్నా. మాటలు మాత్రం వంద.

"కష్టం ఎంతలో పెట్టమంటారు?" అన్నాడు పళ్లు కొరుక్కుంటూ.

"అన్నిటికన్నా తేలికలో."

అనుకున్నంతా అయింది. ఆట మొదలవగానే టైలరమ్మ తడుముకుంటూ రెండు మీటలు నొక్కి, మేడమీది గదిలో బట్టల బీరువాలోకి దూరింది. అంతే, ఇక కదల్లేదు. బయట దెయ్యం తిరుగుతోంది.

"ఎక్కడున్నావ్?" అంటోంది బొంగురు గొంతుతో. "ఇక్కడే ఉన్నావని నాకు తెలుసు. ఎంతసేపని దాక్కుంటావ్? తలుపు తియ్యి."

టైలరమ్మ ఒక చొక్కా ఒళ్లోకి లాక్కుని గుండీలు కుట్టడం మొదలుపెట్టింది.

షాపుకి తిరిగొచ్చి మెకానిక్ ఈ వైనం చిలవలు పలవలుగా చెప్పాడు. "ఏనుగుని కొని బొద్దింకల్ని తొక్కించుకుంటోంది! నా నీడలన్నీ మట్టిలో కలిపేసింది. ఆవిడకి కావాల్సింది కంప్యూటర్ కాదు, రేడియో!"

షాపు యజమాని పడీపడీ నవ్వాడు. ఆ రోజునుంచి ఆవిడ పేరు 'బీరువా అమ్మ' అయింది.

పదిరోజుల తర్వాత మధ్యాహ్నం ఫోను మోగింది.

"బాబూ, ఒక్కసారి రా. మాటలు రావడం లేదు."

"స్పీకరు తీగ ఊడుంటుంది. గుచ్చండి."

"పొద్దుట్నుంచి అన్నీ పీకి గుచ్చాను. రా బాబూ, నీకు పుణ్యముంటుంది."

గొణుక్కుంటూ వెళ్లాడు. కత్తిరించిన గుడ్డలు కత్తిరించినట్టే పడున్నాయి. మిషను మీద మూత తియ్యలేదు. ఆవిడ కళ్లు ఉబ్బి ఉన్నాయి.

తెర చూడగానే మెకానిక్‌కి నవ్వాగలేదు. మేడ నిండా ఎండ. వసారాలో గుప్పెడు బూడిద. పైన పెద్ద అక్షరాలు: 'మీరు బతికి బయటపడ్డారు.'

"గెలిచారమ్మా! తేలికలో పెడితే, మేడంతా తీరిగ్గా తిరగొచ్చని రాత్రి చాలా పొడుగుంటుంది. అయినా పదిరోజులు బీరువాలో నిలబడితే తెల్లారదా మరి? దెయ్యం పీడ విరగడైంది."

టైలరమ్మ స్టూలు మీద కూలబడింది. "ఇక రాదా?"

"గెలిచి ఏడ్చేవాళ్లని మిమ్మల్నే చూశాను. దెయ్యం చస్తే ఎవరైనా పండగ చేసుకుంటారు!" అంటూ 'కొత్త ఆట' నొక్కాడు. మేడ మళ్లీ చీకటైంది.

"ఎక్కడున్నావ్? ఇక్కడే ఉన్నావని నాకు తెలుసు."

టైలరమ్మ గబుక్కున లేచి స్పీకరు మీద చెయ్యి వేసింది. చాలాసేపు తియ్యలేదు.

"బాబూ, అసలు తెల్లారకుండా చెయ్యడానికి ఏదైనా ఉందా?"

"ఎందుకు లేదూ! గడియారం ఆపేసే సెట్టింగ్ ఉంది. చేతకానివాళ్ల కోసమే పెట్టారు." ఆ మాట ఒత్తి పలికి మరీ దాన్ని నొక్కాడు. సంచీ సర్దుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లినవాడు ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు.

"తెలియక అడుగుతాను. ఆడరు, గెలవరు, కనీసం భయపడరు. ఆ దిక్కుమాలిన దెయ్యంలో ఏముందని వింటూ కూర్చుంటారమ్మా?"

"పోయే ముందు నెలలో ఈ గేముకి డబ్బింగ్ చెప్పారు బాబూ... ఆ గొంతు మావారిది."