పదిహేడో గేటు దాకా

"ఇద్దర్ని పంపితే ఇద్దర్నీ వద్దన్నాడు. నువ్వొస్తేనే కుర్చీ ఎక్కుతాడట పెద్దాయన. ఏం చాదస్తమో," అని సూపర్‌వైజర్ చీటీ చేతిలో పెట్టాడు.

నడవలేని ప్రయాణికులను చక్రాల కుర్చీలో విమానం గేటు దాకా చేర్చడం ఆమె ఉద్యోగం. చీటీ మీద పేరు, గేటు నంబరు చదివింది. మళ్ళీ చదివి జేబులో పెట్టుకుంది.

పెద్దాయన పాదాలు కుర్చీ కింది పలక మీద సరిగ్గా పెట్టించి, "చాలా టైముంది సార్. అన్నీ చూపిస్తాను," అంది.

"నెమ్మదిగానే పోనీయమ్మా."

సామాను తూచే కౌంటరు, తనిఖీ దాటారు. లోపల పొడవాటి హాలు, రెండు వైపులా దుకాణాలు. ఆమె ఒక్కొక్కటే చెబుతూ పోయింది. ఇది మందుల షాపు. ఇక్కడ డాక్టరుంటారు. ఆ గదిలో ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకోవచ్చు.

"ఈ తలుపేంటి?"

"పసిపిల్లల తల్లులకి. పాలు పట్టుకోడానికి."

"అప్పట్లో ఇవేవీ లేవు. ఒక రేకుల షెడ్డూ, బయట ఇనుప కంచే. సాగనంపేవాళ్ళు కంచె అవతలే నిలబడేవాళ్ళు."

"మీకోసం ఎవరైనా నిలబడ్డారా?"

"ఇంట్లో చెప్పి రాలేదు."

ఆమె కుర్చీని ఎడమకు తిప్పింది. పిల్లలు ఆడుకునే గది, పుస్తకాల కొట్టు, విమానాలు ఎగరడం కనబడే పెద్ద అద్దం చూపించింది. అద్దం దగ్గర చాలాసేపు ఆగారు.

"పొద్దుటి నుంచీ నిలబడే ఉంటావా?"

"అలవాటైపోయింది సార్."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"అమ్మా నేనూ ఉండేవాళ్ళం. మూడేళ్ళ కిందట అమ్మ పోయింది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవడం చాలాసేపటికి గాని అవలేదు.

"జబ్బు చేసిందా?"

"చేసింది. నాకు చెప్పలేదు. పనికి వెళ్తూనే ఉంది."

ఆమె కుర్చీని పదిహేడో గేటు దాకా తోసుకొచ్చింది. అందరూ ఎక్కేశారు. ఆఖరి పిలుపు వినిపిస్తోంది.

"వేళకి తింటూ ఉండమ్మా," అన్నాడాయన.

"మీరు కూడా సార్."

ఆయన లేచాడు. చేయి పట్టుకోబోతే వద్దన్నాడు. నడుం నిటారుగా పెట్టుకుని, ఎక్కడా తడబడకుండా విమానంలోకి నడిచి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

గేటు దగ్గర టికెట్లు చూసే ఆవిడ నోరు తెరిచింది. "శుభ్రంగా నడుస్తున్నాడు కదే. కుర్చీ ఎందుకడిగాడు మరి? నువ్వూ నువ్వే, పది నిమిషాల దారికి గంటసేపు ఊరేగించావు. ఎవరే ఆయన?"

ఆమె ఖాళీ కుర్చీని మడిచింది.

"మా నాన్న."