పటం వెనుక సీసా

వెంకన్న స్వామీ, ముప్పై ఏళ్ళ కాపురంలో తొలిసారి మా ఆయన్ను మోసం చేశాను. పైకి చెప్పుకుంటే ఆయనకు వినబడుతుంది. అందుకే ఈ పోస్టుకార్డు మీద రాస్తున్నాను.

ఈ ఏడు చలి సరిగా పడక, మబ్బులు విడవక మక్కచేనుకు పేనుబంక పట్టింది. ఆయన కేసముద్రం నుంచి మందు సీసా తెచ్చారు. అప్పటికే ఆకుల మీద ఎర్రటి అక్షింతల పురుగులు చేరి ఆ పేనును తింటున్నాయి. మందు కొడితే అవీ చస్తాయి.

"జర రెండు దినాలు ఆగుండ్రి" అన్నాను.

"నీ పురుగులకు మొక్కుకుంట కూసుంటే పంట పోతది" అన్నారు.

మందును నీ పటం వెనుక దాచి, పోయినేటి ఖాళీ సీసాలో కుంకుడు రసం నింపి పెట్టాను. ఆయన అదే కొట్టారు. వారంలో చేను తేటపడింది.

అప్పటినుంచి రోజూ నా ముందే, "ఏం మందే సరోజనా! ఏం నురుగే!" అని మురిసిపోతున్నారు. నేను తప్పు చేసినదానిలా తల వంచుకుని వత్తులు చేసుకుంటున్నాను.

ఇంతవరకు రాసి, కార్డు దాచుదామని నీ పటం జరిపాను. మందు సీసా లేదు. ఆ చోట కుంకుడుకాయల సంచి, దాని మీద ఆయన రాసిన చీటీ ఉన్నాయి.

"మందు దుకాణంల వాపసిచ్చిన. ఇంట్ల కాయలన్నీ చేనుకే పోస్తివి. ఇవి నీ తలకు."

స్వామీ, ఈ కార్డు నీ వెనుకే ఉంచు, ఆయనకు చూపకు. రేపు కూడా ఆయన మందును పొగుడుతారు. నేను తల వంచుకునే వింటాను, నవ్వు కనబడకుండా.