పన్ను చెప్పిన వయసు

కన్నతల్లి మాట కంటే పన్ను చెప్పిన మాటకే విలువ ఎక్కువైన రోజులవి. పుట్టిన తేదీ కాగితాలను ఎవరూ నమ్మడం లేదు. బడిలో చేరాలంటే పిల్లలు పంటి మిషన్ ముందు నోరు తెరవాల్సిందే. చిగుళ్ళ లోపల పళ్ళు ఎంత ఎదిగాయో చూసి అది వయసు తేల్చేస్తుంది.

జగిత్యాల బడిలో రవళి తన కవల కూతుళ్ళను మిషన్ ముందు నిలబెట్టింది. పెద్దది తన్వికి ఆరేళ్ళు నిండాయంది మిషన్. చిన్నది మాన్వికి ఐదేళ్ళ ఏడు నెలలే అంది. ఆరు నిండనిదే ఒకటో తరగతి లేదు.

"ఒక్క కాన్పుల పుట్టిన పిల్లలు సార్! నడుమ పావుగంట గూడ లేదు," అంది రవళి.

"పన్ను అబద్ధమాడదమ్మా. నువ్వే మరిచిపోయి ఉంటావు," అన్నాడు గుమాస్తా.

"కన్నదాన్ని, నేను మరుస్తనా? నొప్పులు పడ్డది నేనా, మీ మిషనా?"

అతను మిషన్ తెర చూసి నొసలు చిట్లించాడు. "ఐదు నెలల తేడాతో ఇద్దరు పుట్టరు. ఒకరే నీ బిడ్డ. ఎవరో చెప్పు, రెండో పిల్లను పెంపుడు బిడ్డ అని రాస్తాను."

రవళికి ఒళ్ళు మండింది. "పెద్దదాన్ని కన్న ఐదు నెలలకు మళ్ళ దవాఖానకు పోయి చిన్నదాన్ని కన్న. రాసుకో సార్!"

గుమాస్తా ముఖం తేటపడింది. "ఈ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా," అంటూ శ్రద్ధగా రాసుకున్నాడు. "సరే, పెద్దదాన్ని లోపలికి పంపు."

రవళి ఇద్దరి చేతులూ పట్టుకుని గేటు వైపు తిరిగింది.

"పెద్దదాని సీటు పోతుందమ్మా!" అని వెనక నుంచి కేకేశాడతను.

"పోనీ సార్. ఒక్కనాడు పుట్టినోళ్ళు ఒక్కనాడే బడికొస్తరు."