మంచు కోసం కొన్న కార్డు

"పందెం గుర్రాన్ని తెచ్చి గాడిద బండికి కట్టమంటున్నారు దిదీ," అన్నాడు దిబ్యేందు.

కౌంటరు మీది గ్రాఫిక్స్ కార్డును రెండు చేతులా ఎత్తి చూశాడు. ఇటుకంత బరువు, మూడు ఫ్యాన్లు. చాందినీ మార్కెట్లో పద్దెనిమిదేళ్ళుగా కంప్యూటర్లు బిగిస్తున్నాడు గానీ, ఇంత ఖరీదైన కార్డు అతని షాపు గడప తొక్కడం ఇది మూడోసారి. తెచ్చినావిడకు నలభై లోపే ఉంటాయి. వెలిసిన నూలు చీర, భుజాన గుడ్డసంచి. పేరు కాకలి అని చెప్పింది. ఆ ఊళ్ళో కొత్తవాళ్ళనైనా అక్కా అన్నట్టు దిదీ అనీ, అన్నా అన్నట్టు దాదా అనీ పిలుస్తారు.

"చేతిలో ఉన్నదంతా దీనికే అయిపోయింది దాదా. మిగతావన్నీ చవకవి వెయ్యండి. పాతవైనా పరవాలేదు."

"ఏం ఆట ఆడతారు దీని మీద?"

"ఆడను, తయారుచేస్తున్నాను. నా పనే అది. ఇందులో పొగమంచు ఉంది. మామూలు కార్డు మీద తెల్లదుప్పటి కప్పినట్టుంటుంది. మంచు మంచులా కదలాలంటే ఇదే కావాలి."

దిబ్యేందు లోపల వెతికి, ఎవరో వదిలేసిన ప్రాసెసరు ఒకటి, దానికి సరిపడే బోర్డు ఒకటి తెచ్చాడు. ర్యామ్ రెండు ముక్కలూ రెండు కంపెనీలవి. క్యాబినెట్ ఒక పక్క సొట్టపడి ఉంది. అన్నిటికీ ఆమె తలూపింది. పవర్ సప్లై దగ్గర మాత్రం అతనే మొండికేశాడు.

"ఇది కొత్తదే వెయ్యాలి. ఈ రాక్షసి తాగే కరెంటుకి చవకది పెడితే ఇల్లే తగలబడొచ్చు. మీ ప్రాణం మీదికి తెచ్చిన పాపం నాకెందుకు? కావాలంటే నా లాభం వదులుకుంటా."

ఆమె అతని మొహంలోకి కాసేపు చూసింది.

"మంచివారే," అంది.

"నా షాపు సంగతి మీకెవరు చెప్పారు?"

"మీ వ్యాను మీద పేరు చూశాను ఒకసారి."

"అదెప్పుడో అమ్మేశాను. ఇప్పుడు సిటీ బస్సే మన రథం."

"అమ్మేశారనే విన్నాను. ఇంటికొచ్చి బిగించి పెడతారా?"

చీటీ మీద చిరునామా చదివి దిబ్యేందు చెవి గోక్కున్నాడు. ఊరి చివర, కాలవ అవతల.

"అంత దూరం ఎందుకు? ఇక్కడే బిగించి ట్యాక్సీలో పెట్టిస్తా."

"ఇంత బరువు కార్డు దారిలో ఊగితే బోర్డు విరుగుతుందని ఇందాక మీరే అన్నారుగా."

అన్న మాట నిజమే. ఆదివారం వస్తానని ఒప్పుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం అతను వెళ్ళేసరికి ఆ ఇంట్లో కిటికీలకు తెరలు దించి ఉన్నాయి. బయట ఎండ కాస్తున్నా గది నూతిలా చల్లగా ఉంది. బల్లకు స్టీరింగు చక్రం బిగించి ఉంది. కింద రెండు పెడల్స్. పక్కన మట్టి ముంతలో టీ పెట్టి, ఆమె అతని వెనకాల స్టూలు మీద కూర్చుంది.

"ఒక్కరే ఉంటారా దిదీ?"

"మా ఆయన పోయి నెల తక్కువ ఏడాది. పొద్దున్నే మంచులో బయటికెళ్ళారు. ఏదో బండి గుద్దేసి, ఆగకుండా వెళ్ళిపోయింది."

"అయ్యో. పోలీసులేమన్నారు?"

"చూసినవాళ్ళెవరూ లేరన్నారు."

దిబ్యేందు క్యాబినెట్ దగ్గరికి జరిగాడు. వంగి స్క్రూలు బిగించాడు. కార్డు ఒరిగిపోకుండా కింద చిన్న చెక్కముక్క ఊతం పెట్టాడు. స్విచ్చి నొక్కగానే మూడు ఫ్యాన్లూ ఒక్కసారి బుస్సుమని, మళ్ళీ నెమ్మదించాయి.

తెర మీద ఒక రోడ్డు తెరుచుకుంది. ఒక పక్క కాలవ, మరో పక్క కరెంటు స్తంభాలు. మంచు నిజంగానే కదులుతోంది. నీళ్ళ మీంచి పైకి లేచి, హెడ్‌లైట్ల వెలుగులోకి పాక్కుంటూ వస్తోంది. దిబ్యేందు స్క్రూడ్రైవరు గబగబా సంచిలో వేసుకున్నాడు.

"బాగానే నడుస్తోంది. నేను బయల్దేరతా."

"చివరిదాకా ఒకసారి నడిపి చూడండి దాదా. కార్డు వేడెక్కుతుందేమో తెలియాలిగా."

"నేను బండి ముట్టుకుని చాన్నాళ్ళయింది."

"ఇది ఆటే కదా."

కాదనలేక చక్రం పట్టుకున్నాడు. తెర మీది బండి చెక్క వంతెన దాటింది. మూసిన టీకొట్టు దాటింది. అక్కణ్ణించి మంచు చిక్కబడింది. గదిలో ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ వినిపించడం లేదు. రోడ్డు ఎడమకు తిరిగే చోట అతని కాలు ఉన్నట్టుండి బ్రేకును నేలకంటా తొక్కింది. టైర్లు కీచుమన్నాయి. బండి అడ్డంగా తిరిగి ఆగింది.

అతను రెండు చేతులూ చక్రం మీంచి తీసేశాడు.

"ఇంతవరకూ ఆడినవాళ్ళెవరూ అక్కడ ఆగలేదు," అంది కాకలి.

"అడ్డం వచ్చాడుగా."

"ఎటునుంచి?"

"కాలవ వైపు నుంచి. మంకీ క్యాపు, చేతిలో పాల క్యాను. రెండో చెయ్యి ఎత్తాడు కూడా, ఆగమన్నట్టు." జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఆగాను దిదీ. చూశారుగా, ఆగాను."

"ఇంకా ఏం కనిపించింది?"

"లైటు కళ్ళలో పడి మొహం పక్కకి తిప్పుకున్నాడు. భలే గీశారు. అచ్చం నిజం మనిషే."

కాకలి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తెర మీద మంచు తప్ప ఏమీ లేని రోడ్డునే చూస్తూ కూర్చుంది.

ఆ ఆటలో ఆమె ఇంకా ఒక్క మనిషిని కూడా గీయలేదు.