భీమవరంలో కాపురమున్న ఫోను

ఆ రోజుల్లో బ్యాంకు మనిషిని చూసేది కాదు, ఫోను ఏ ఊళ్లో కాపురముంటుందో చూసేది. భీమవరంలో ఉండే ఆడవాళ్ల ఫోనుకు అడగ్గానే రుణం వచ్చేది. పాడేరు కొండల్లో ఉండే ఫోనుకు ఎన్నిసార్లు అడిగినా వచ్చేది కాదు. అందుకని కొండ ఊళ్ల ఆడవాళ్లు తమ ఫోన్లను కొన్ని నెలలు కిందనున్న ఊళ్లలో, తెలిసినవాళ్ల ఇళ్లలో ఉంచి వచ్చేవారు.

కాఫీ పండ్ల తోలు తీసే మిషను కొందామని వంతాల చిలకమ్మ కూడా తన ఫోనును భీమవరంలో మంగతాయారు ఇంట్లో ఉంచింది. మంగతాయారు దానికి ఛార్జింగు పెట్టేది, బజారుకు వెళితే వెంట తీసుకెళ్లేది.

వానల్లో పక్క కొండ మీది ఊళ్లో చిలకమ్మ తల్లి చనిపోయింది. మనిషి నడిచొచ్చి కబురు చెప్పేసరికి మట్టి చేయడం కూడా అయిపోయింది.

రుణం మంజూరయ్యాక చిలకమ్మ ఫోను కోసం భీమవరం వచ్చింది. మంగతాయారు ఫోను తెచ్చి ఆమె చేతికిచ్చింది. చిలకమ్మ దాన్ని తెరిచి చూడలేదు.

“ఆఖరి రోజున మాయమ్మ ఫోను సేయించుకున్నాదంట గదా అక్కా. నువ్వే ఎత్తినావా?”

“నేనే ఎత్తానమ్మా.”

“ఏటన్నాది?”

“అన్నం తిన్నావా అని అడిగింది. నువ్వే అనుకుంది. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తిన్నానమ్మా అన్నాను.”

చిలకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

“నమ్మినాదా?”

“నమ్మింది. అయితే పడుకోమంది.”