అతుకులేని గిలక్కాయ

పాప తల తిప్పలేదు.

తల్లి మళ్లీ పాప వెనక్కి వెళ్లింది. ఊపిరి బిగబట్టి, గిలక్కాయ పైకెత్తి, ఈసారి మణికట్టు నొప్పెట్టేలా ఊపింది. పాప చాప మీద బోర్లా పడుకుని తన పిడికిలి తానే చప్పరించుకుంటోంది. ఆ పిడికిలి తప్ప ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదన్నట్టుంది వాలకం.

టీకా వేసిన నర్సమ్మ చెప్పిన పరీక్ష ఇది. "ఆరో నెల వచ్చింది కదమ్మా. పాపకి కనపడకుండా వెనక నిలబడి గిలక్కాయ ఆడించి చూడండి. వినపడితే ఇటు తిరుగుతుంది" అని ఒకటికి రెండుసార్లు, నిదానంగా, చెయ్యి ఊపి చూపించి మరీ చెప్పింది. ఆ రోజు నుంచీ తల్లికి ఇదే పని. పాలు పట్టాక ఒకసారి, స్నానం చేయించాక ఒకసారి, ఏమీ తోచకపోతే మరోసారి. అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు.

గిలక్కాయ మాత్రం ముచ్చటైనది. పాప తండ్రి వడ్రంగి. బొమ్మల కొట్టు అద్దంలోంచి ఒకదాన్ని చూసి వచ్చి, వడ్రంగి ఇంట్లో కొన్న బొమ్మేమిటని తనే కూర్చుని చెక్కాడు. ఒకే చెక్క. మేకు లేదు, జిగురు లేదు, అతుకు లేదు. పాప నోట్లో పెట్టుకున్నా ఊడొచ్చి గొంతుకి అడ్డం పడేదేమీ లేదు. ఉప్పుకాగితంతో అద్దంలా రుద్ది, పిడిని పాప గుప్పిటకి సరిపోయేలా తీర్చాడు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, దీన్ని ఎవరు చూసినా ముద్దొస్తుంది.

తల్లి భయానికి ఇంకో సాక్ష్యం కూడా ఉంది. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మిషను పాతది. తొక్కితే కాళ్ల కింద నేల అదురుతుంది. మొన్న పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి, రెండు చెవులూ మూసుకుని చూపించి, ఇక ఆపు తల్లీ అన్నట్టు చేతులు జోడించింది. ఆ మిషను పక్కనే, బట్టపీలికల మీద, పాప ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. అది చూసి పక్కింటావిడ నవ్వుకుంటూ వెళ్లిపోయింది. తల్లి గుండెల్లో రాయి పడింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఇక ఆగలేక భర్త మోచెయ్యి తట్టింది.

"పాపకి వినపడటం లేదు."

అతను ముద్ద కంచంలో వదిలేశాడు. చెయ్యి తుడుచుకుని అప్పుడు జవాబిచ్చాడు.

"నువ్వు ఊపినప్పుడల్లా తిరగడానికి అదేమన్నా పెద్దదా? ఆటలో ఉండుంటుంది."

"ప్రతిసారీనా?"

"నా కళ్లొచ్చాయి. నీ ముక్కొచ్చింది. ఇంకేం కావాలే నీకు?"

"ఇంకేం వచ్చాయో అనే నా భయం."

అతని మొహంలో నవ్వు పోయింది. పాప వైపు చూశాడు.

"ఏదైతే అదవుతుంది. మనం పెంచుకోలేమా?"

"పెంచుకుంటాం. ఎందుకు పెంచుకోం? కానీ రేపు బళ్లో వేస్తే తోటి పిల్లలు ఎలా ఏడిపిస్తారో నీకు తెలీదా?"

అతనికి తెలుసు. చూపు తిప్పుకున్నాడు. అతను చూపు తిప్పుకున్నాక ఇక ఆ ఇంట్లో మాట ముందుకు సాగదు.

మర్నాడు పని మానుకుని ఇద్దరూ పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. వరండా నిండా జనం. రోగుల్ని పిలిచే ఆయా మీంచి తల్లి చూపు మరల్చలేదు. పిలిచినప్పుడు లేవకపోతే వరస మళ్లీ మొదటికొస్తుంది. ఒకసారి అలాగే జరిగింది కూడా.

డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి, "ఏమైందమ్మా?" అని అడిగింది.

తల్లి చెప్పలేదు, చేసి చూపించింది. పాపని తండ్రి ఒళ్లో కూర్చోబెట్టి, వెనక్కి వెళ్లి, సంచిలోంచి గిలక్కాయ తీసి ఊపింది. పాప తండ్రి చొక్కా గుండీ చప్పరిస్తూ ఉండిపోయింది. తల్లి మళ్లీ ఊపింది. చూశారుగా అన్నట్టు డాక్టరమ్మ వైపు తిరిగింది. అన్నాళ్లుగా దిగమింగుకున్న ఏడుపు అప్పుడు కట్టలు తెంచుకుంది.

డాక్టరమ్మ చెయ్యి చాపి గిలక్కాయ అందుకుంది. ఊపింది. కనుబొమలు ముడిచి, ఈసారి తన చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవరు చేశారిది?"

తల్లి కళ్లు తుడుచుకుని భర్తని చూపించింది.

"ఇన్నాళ్లూ దీంతోనే చూశారా?"

ఇద్దరూ తలూపారు.

డాక్టరమ్మ గిలక్కాయని బల్ల మీద పెట్టింది. సొరుగులోంచి తాళాలగుత్తి తీసుకుని, తండ్రి కుర్చీ వెనక్కి నడిచి, పాపకి కనపడకుండా ఒక్కసారి ఆడించింది.

పాప గుండీ వదిలేసింది. తల ఒక్కటే కాదు, ఒళ్లంతా తిప్పేసింది. తాళాలు కనపడగానే ఇంత నోరు తెరిచి నవ్వి, రెండు చేతులూ చాపింది.

తల్లి బల్ల పట్టుకుంది. చెంపల మీద కన్నీళ్లు ఆరకముందే నవ్వు వచ్చేసింది. భర్త పాపని గుండెకి హత్తుకున్నాడు. కాసేపటికి గానీ ఆమెకి బల్ల మీది గిలక్కాయ గుర్తు రాలేదు.

"మరి దీనికెందుకు తిరగలేదు?" అని భర్తని అడిగింది.

అతనికీ తెలియలేదు.

అమ్మానాన్నలిద్దరికీ పుట్టుకతోనే చెవులు వినపడవు కాబట్టి, లోపల ఒక్క గింజైనా లేని ఆ గిలక్కాయ మోగడం లేదన్న సంగతి ఇన్నాళ్లూ ఆ ఇంట్లో తెలిసింది ఒక్క పాపకే.